నాలుగు ఇంటిపేర్లు - ఒక విశ్వవిద్యాలయము

తెలుగువారి ఇంటిపేర్లలో పెక్కులు ఊళ్ల పేర్లు. తాతముత్తాతలు ఏ ఊరు విడిచి వచ్చిరో ఆ ఊరు మనుమల పేర్లకు ముందు నిలిచియుండుట మనవారి ఆచారము. కన్నడదేశమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఇది మరింత స్పష్టముగా కానవచ్చును. ఆ ఊరిని కన్నులార చూచినవారు ఇంటిలో ఒక్కరును ఉండరు. పేరు మాత్రము ఎవరును విడువరు. మైసూరు విశ్వవిద్యాలయ చరిత్రను తిరుగవేసినచో ఇట్టి ఊరిపేర్లు నాలుగు ప్రముఖముగా వినబడును. అవి మోక్షగుండము, కట్టమంచి, సర్వేపల్లి, రాళ్లపల్లి. ఈ నాలుగు పేర్లను ఆధారముగా గొని, ఆ విద్యాపీఠమునకును తెలుగువారికిని గల సంబంధమును స్మరించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ విషయము మా మనస్సున మెదలుటకు ఒక కారణము గలదు. మా కుటుంబము కోలారు సీమలో స్థిరపడి ఏడెనిమిది తరములైనది. మా తాతగారు 1930 ప్రాంతమున మైసూరు మహారాజా కళాశాలలో చదివిరి. మేము 1988 మొదలు 1991 వరకు అక్కడనే బి.ఏ. చదివితిమి. మా అమ్మాయి ఈ మధ్య రెండవ పి.యు.సి. ముగించినది. బెంగుళూరులో ఇంజనీరింగు చదువవలెనని ఇంటిలో పెద్దలు, చరిత్ర చదువుదునని తాను. ఇట్లు కొన్ని నెలలు చర్చ నడచెను. తుదకు, "నువ్వూ ముత్తాతా చదివిన చోటు ఒకసారి చూపించు నాన్నా, తరువాత చెప్తాను" అని తానే కోరెను. అందుచే రెండు దినముల కార్యక్రమము వేసికొని మైసూరునకు పోతిమి. చూపుటకు పోయిన మేము చెప్పిన దానికంటె, చూడవచ్చిన పిల్ల అడిగిన ప్రశ్నలే ఎక్కువ. ఆ ప్రశ్నలకు సమాధానములు వెదకుటలో ఈ నాలుగు పేర్లు ఒకదాని వెంట నొకటి వచ్చి నిలిచినవి.

మోక్షగుండము

కృష్ణరాజ బులెవార్డు అను చెట్ల బాట కిరువైపుల మైసూరు విద్యాచరిత్ర అంతయు ఉన్నదనిన అతిశయోక్తి కాదు. విశ్వవిద్యాలయ కార్యాలయములు గల క్రాఫర్డు హాలు, మహారాజా కళాశాల, ప్రాచ్య విద్యా సంశోధనాలయము, అన్నియు నడచి చూడదగినంత దగ్గర. మొదట క్రాఫర్డు హాలు ముంగిట నిలిచినపుడు అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, ఈ విశ్వవిద్యాలయము ఎందుకు పుట్టెనని.

మైసూరు విశ్వవిద్యాలయము 1916 జూలై 27వ తేదీన ఏర్పడినది. అంతకు పూర్వము దేశమున కలకత్తా, బొంబాయి, మద్రాసు, పంజాబు, అలహాబాదు విశ్వవిద్యాలయములు మాత్రమే ఉండెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయము కూడ 1916లోనే వెలసినది. బ్రిటిషు పాలనకు వెలుపల, స్వదేశ సంస్థానమున ఏర్పడిన మొదటి విశ్వవిద్యాలయము మాత్రము మైసూరుదే. అంతవరకు మైసూరులోని మహారాజా కళాశాలయు, బెంగుళూరులోని సెంట్రల్ కళాశాలయు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధములుగా ఉండెడివి. పాఠ్యక్రమము మద్రాసులో నిర్ణయమగును. పరీక్ష మద్రాసువారు జరుపుదురు. పట్టము మద్రాసువారు ఇత్తురు. ఈ దేశమునకు ఏ చదువు అవసరమో నిర్ణయించుకొను అధికారము ఈ దేశమున లేకుండెను.

ఈ లోటును తీర్చవలెనని పట్టుపట్టినవారు అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారు 1912లో దివాను పదవికి వచ్చిరి. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరువారు ఆ సంకల్పమును మన్నించి ప్రథమ ఛాన్సలరు అయిరి. హెచ్.వి. నంజుండయ్యగారు ప్రథమ వైస్‌ఛాన్సలరు. కళాశాఖలు మైసూరులోను, విజ్ఞానశాఖలు బెంగుళూరులోను నడచునట్లు ఏర్పాటైనది.

విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలము చిక్కబళ్లాపురము దాపున గల ముద్దేనహళ్లి. వారిది ఇంట తెలుగు మాటలాడు ములకనాటి కుటుంబము. పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి వలస వచ్చినవారు. ఆయన పుట్టునాటికే ఆ ఊరితో సంబంధము ఇంటిపేరు మాత్రమే. పేదరికమున పిల్లలకు పాఠములు చెప్పుకొని బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదివి, ఆయన పొందిన బి.ఏ. పట్టము మద్రాసు విశ్వవిద్యాలయముది. తనకు కలిగిన అవసరమును తన దేశపు పిల్లలకు కలుగనీయరాదని ఆయన తలంచెనని మనము ఊహించుకొనవచ్చును.

ఇచ్చట మరువరాని సంగతి ఇంకొకటి గలదు. విశ్వవిద్యాలయమునకు ఒక సంవత్సరము ముందు, 1915లో, కన్నడ సాహిత్య పరిషత్తు బెంగుళూరున స్థాపితమైనది. దానికిని విశ్వేశ్వరయ్యగారి ప్రోత్సాహమే బలము. దానికిని నంజుండయ్యగారే మొదటి అధ్యక్షులు. ఇంట తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టిన దివాను, తాను నీరు త్రావిన నేల యొక్క భాషకు ఇల్లు కట్టించెను. దీనివలన ఆయన తెలుగుతనమునకు లోపము వచ్చినదని ఎవరును అనలేదు. పరభాషా ప్రాంతమున నివసించు తెలుగువారికి ఇంతకంటె మంచి పాఠము మరియొకటి లేదని మా విశ్వాసము.

కట్టమంచి

మహారాజా కళాశాల భవనమునకు 1889 నవంబరు 27న విక్టోరియా రాణి మనుమడగు ఆల్బర్టు విక్టర్ రాకుమారుడు శంకుస్థాపన చేసెను. దాని మూలము 1833లో ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు కాలమున వెలసిన రాజా పాఠశాల. మేము చదివిన గదులలో కొన్నింటికి బల్లలు మారినవి; నల్లబల్లలు పోయి తెల్లబల్లలు వచ్చినవి. కాని ఎత్తైన కప్పులు, పొడవైన వరండాలు అట్లే ఉన్నవి. మా పిల్లకు ఆ వరండాలు నచ్చినవి. "వానొచ్చినా ఇక్కడే కూర్చొని చదువుకోవచ్చు" అనెను. అది మేము మూడు సంవత్సరములు చేసిన పనియే.

ఈ కళాశాలకు 1909 ప్రాంతమున చిత్తూరునుండి ఒక యువకుడు ఆచార్యుడుగా వచ్చెను. ఆయన కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1880లో చిత్తూరు సమీపమున కట్టమంచి గ్రామమున జన్మించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, కేంబ్రిడ్జికి పోయి అచటి విద్యార్థి సభలో వక్తగా పేరు పొంది, బరోడాలో కొంతకాలము పనిచేసి, పిమ్మట మైసూరు చేరెను. కట్టమంచి నేడు చిత్తూరు పట్టణములో కలిసిపోయినది.

మైసూరునకు విశ్వవిద్యాలయము కావలెనని తలంచినపుడు, ఇతర దేశములలో ఉన్నత విద్య ఎట్లు నడచుచున్నదో పరిశీలించి చెప్పుటకు ఇద్దరు నియుక్తులైరి. ఒకరు థామస్ డెన్హాము, రెండవవారు రామలింగారెడ్డిగారు. పరిశోధనను ప్రోత్సహించుట, తరగతి గదికి వెలుపలనున్న ప్రజలకు ఉపన్యాసముల ద్వారా, ప్రచురణల ద్వారా జ్ఞానము నందించుట, దేశపు ఆర్థిక సాంఘిక స్థితులకు తగిన చదువు చెప్పుట అను ఆశయములు మైసూరు విశ్వవిద్యాలయమునకు మొదటినుండియు ఉండెను. ఒక చిత్తూరు తెలుగువాని పరిశీలన దాని పునాదిలో ఉన్నదని తెలిసినపుడు, కళాశాల మెట్లమీద కూర్చున్న మా పిల్ల లేచి నిలుచుండి ఆ భవనమును మరల నొకసారి చూచెను.

రెడ్డిగారు ఈ కళాశాలలో చరిత్ర మొదలగు విషయములు బోధించిరి. పిమ్మట ఇక్కడనే అధ్యక్షులుగా పనిచేసిరి. 1918 మొదలు 1921 వరకు సంస్థానపు విద్యాశాఖకు ఇన్స్పెక్టర్ జనరలు. అంటరానివారని దూరముంచబడిన పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెరచుటకు ఆ పదవిలో ఆయన పాటుపడెను. ఇంత పనిలోను ఆయన తెలుగు విడువలేదు. పింగళి సూరన కావ్యములను ఆధారముగా చేసికొని ఆయన రచించిన కవిత్వతత్త్వ విచారము 1914లో వెలువడినది. కవిత్వమును పద్యముల సొగసుగా మాత్రమే కాక, కల్పనగా, కథానిర్మాణముగా చూడవలెనని చెప్పిన తొలి తెలుగు విమర్శ గ్రంథములలో అది ముఖ్యమైనది. తెలుగు విమర్శను మలుపు త్రిప్పిన పుస్తకము మైసూరు ఉద్యోగకాలమున పుట్టినదని మన పాఠశాలలలో చెప్పరు, చెప్పవలసియున్నది.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినపుడు దానికి ప్రథమ వైస్‌ఛాన్సలరు కట్టమంచివారే. ఒక విశ్వవిద్యాలయము ఎట్లు పుట్టునో మైసూరులో చూచినవాడు, చేసినవాడు, తెలుగుదేశమునకు పోయి అచ్చట రెండవ పర్యాయము అదే పని చేసెను. మైసూరు ఆయనకు గురుకులము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గురుదక్షిణ.

సర్వేపల్లి

కళాశాలలో జూనియర్ బి.ఏ. హాలు అను ప్రసిద్ధమైన శాల ఉన్నది. మహనీయులగు అధ్యాపకుల కంఠస్వరములు విన్న గోడలవి. మా కాలమున ఆ శాలలో పాఠము చెప్పుట అధ్యాపకులకును, వినుట విద్యార్థులకును ఒక గౌరవముగా ఉండెడిది.

1918లో ఈ కళాశాలకు తత్త్వశాస్త్రాచార్యులుగా సర్వేపల్లి రాధాకృష్ణగారు వచ్చిరి. అప్పటికి వారికి ముప్పది సంవత్సరములు. వారు పుట్టినది తిరుత్తణి దాపున. అది 1960నుండి తమిళనాడులో ఉన్నది. పూర్వుల ఊరు నెల్లూరు మండలపు సర్వేపల్లి. ఇదియు విశ్వేశ్వరయ్యగారి కుటుంబమువలె ఊరు విడిచి పేరు నిలుపుకొన్న ఇల్లే. రవీంద్రుని తత్త్వముపై వారి గ్రంథము 1918లోను, ఆధునిక తత్త్వశాస్త్రమున మతముయొక్క ప్రాబల్యమును విమర్శించిన గ్రంథము 1920లోను వెలువడినవి. ప్రపంచము వారిని తత్త్వవేత్తగా గుర్తించుట ఈ మైసూరు మూడు సంవత్సరములలోనే మొదలైనది. అదే కళాశాలలో సంస్కృతాచార్యులుగా ఎం. హిరియణ్ణగారు ఉండిరి. భారతీయ దర్శనములనుగూర్చి ఆంగ్లమున గ్రంథములు వ్రాసి ప్రపంచప్రసిద్ధులైన ఇరువురు పండితులు ఒకే కళాశాలలో పనిచేయుట మైసూరు భాగ్యము.

1921లో రాధాకృష్ణగారికి కలకత్తా విశ్వవిద్యాలయమున ఐదవ జార్జి ఆచార్యపీఠము లభించినది. ఆ పీఠమును ఖాళీ చేసినవారు బ్రజేంద్రనాథ శీలుగారు. ఆయన అదే సంవత్సరము మైసూరు విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరుగా వచ్చిరి. మైసూరు కలకత్తాకు ఒక తత్త్వవేత్తను ఇచ్చి కలకత్తానుండి ఒక తత్త్వవేత్తను పుచ్చుకొన్నది. ఇంత సమానమైన వియ్యము విద్యాలోకమున అరుదు. రాధాకృష్ణగారు మైసూరు విడుచునాడు విద్యార్థులు పూలతో అలంకరించిన బండిలో వారిని కూర్చుండబెట్టి, గుఱ్ఱములకు మారుగా తామే లాగికొనుచు రైలు స్టేషనువరకు కొనిపోయిరి. ఇది లోకవిదితమైన సంగతి. ఆ దారినే మేము సాయంకాలము నడచి పోతిమి. నేడు ఆ దారిన బండి లాగుటకు కాదు, రోడ్డు దాటుటకే చోటు దొరకుట కష్టము.

రాధాకృష్ణగారు 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు రెండవ వైస్‌ఛాన్సలరుగా ఉండిరి. పిమ్మట రెడ్డిగారే మరల వచ్చి 1949 వరకు ఉండిరి. అనగా తెలుగువారి మొదటి విశ్వకళాపరిషత్తును దాని తొలి ఇరువదిమూడు సంవత్సరములును నడిపిన ఇద్దరును మైసూరు మహారాజా కళాశాలలో పాఠములు చెప్పినవారే. వాల్తేరు సముద్రతీరమున నిలిచిన ఆ సంస్థకు ఈ చాముండి కొండ నీడలోని కళాశాల ఒక విధముగా పెద్దక్క.

రాళ్లపల్లి

రైలు స్టేషనునుండి తిరిగి వచ్చుచు అమ్మాయి ఒక మాట అనెను. "అందరూ వెళ్లిపోయినవాళ్లే కదా నాన్నా. విశ్వేశ్వరయ్యగారు 1918లో రాజీనామా ఇచ్చారు. మిగతా ఇద్దరూ 1921లో వెళ్లారు. మరి ముత్తాతకి తెలుగు ఎవరు చెప్పారు?"

మా తాతగారికి తెలుగు చెప్పినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో అనంతపురము మండలపు రాళ్లపల్లి గ్రామమున జన్మించి, చిన్ననాడే మైసూరు చేరి, పరకాల మఠమున శ్రీ కృష్ణబ్రహ్మతంత్ర పరకాలస్వామివారి సన్నిధిని సంస్కృతసాహిత్యము నభ్యసించిరి. బిడారం కృష్ణప్పగారియొద్ద సంగీతము నేర్చిరి. రామలింగారెడ్డిగారి ప్రోత్సాహముతో 1912లో మహారాజా కళాశాలయందు తెలుగు పండితులైరి. అప్పటికి వారి వయస్సు పందొమ్మిది. 1949లో విశ్రాంతి తీసికొనువరకు ముప్పది ఏడు సంవత్సరములకు పైగా ఆ పనిలోనే ఉండిరి. ఈ కాలమున దివానులు మారిరి, వైస్‌ఛాన్సలర్లు మారిరి, మహారాజు మారెను, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. తెలుగు తరగతి మాత్రము నడచుచునే యుండెను.

కన్నడ రాజధానిలో తెలుగు చదువువారి సంఖ్య ఎన్నడును పెద్దది కాదు. చిన్న తరగతికి ఒక జీవితకాలమును ధారపోయుట సులభమైన పని కాదు. ఆ చిన్న తరగతి చెప్పుచునే శర్మగారు వేమన నుగూర్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున ఉపన్యాసము లిచ్చిరి. అవి 1929లో గ్రంథముగా వెలువడినవి. ఆ సమయమున ఆ పరిషత్తు వైస్‌ఛాన్సలరు రామలింగారెడ్డిగారే. మైసూరులో తాను ప్రోత్సహించిన యువపండితుని ఆయన తెలుగుదేశపు వేదికకు అట్లు తిరిగి పిలిచెను. ప్రాకృత గాథాసప్తశతి సారమును శర్మగారు తెలుగు పద్యములలోనికి తెచ్చిరి. నాటకములను గూర్చియు, ప్రాచీన సాహిత్యమును గూర్చియు వారు వ్రాసిన వ్యాసములు ఇప్పటికిని చదువదగినవి. విశ్రాంతి పిమ్మట తిరుపతికి పోయి, రాగిరేకులపై నిద్రించుచున్న అన్నమాచార్యుల సంకీర్తనలకు స్వరరచన చేసి వానిని పాడుకొనుటకు వీలు కల్పించినవారిలో శర్మగారు అగ్రగణ్యులు. ఈనాడు ప్రతి ఇంట వినబడు అన్నమయ్య పాటల వెనుక మైసూరు సంగీతశిక్షణ గల ఒక చెవి ఉన్నదని ఎందరికి తెలియును? 1974లో వారికి సంగీతకళానిధి బిరుదము లభించినది. 1979లో వారు పరమపదించిరి.

ఇది యంతయు ఏకాంతమున జరుగలేదు. అదే కళాశాలలో బి.ఎం. శ్రీకంఠయ్యగారు ఆంగ్లము బోధించుచు, 1926లో ఇంగ్లీషు గీతముల కన్నడ అనువాదములు ప్రకటించి నవకన్నడ కవిత్వమునకు దారి తీసిరి. టి.ఎస్. వెంకణ్ణయ్యగారు కన్నడము చెప్పుచుండిరి. వారి శిష్యుడు కువెంపు 1929లో ఎం.ఏ. పట్టము పొందెను. నవకన్నడము పుట్టుచున్న చోటనే తెలుగు పాఠమును నడచినది. ఒక భాష పెరుగుటకు పక్కనున్న మరియొక భాష తగ్గవలసిన అవసరము లేదనుటకు ఆ కళాశాలయే సాక్షి.

మా తాతగారి తెలుగు పాఠముల నోటుపుస్తకము ఒకటి మా ఇంట ఉన్నది. అమ్మాయి దానిని వెంట తెచ్చుకొన్నది. కళాశాల వరండాలో కూర్చుండి తెరచినపుడు తాను మొదటి పుటను కూడ సాఫీగా చదువలేకపోయెను. ఇంట తెలుగు మాటలాడును. బడిలో కన్నడము, ఆంగ్లము, సంస్కృతము చదివినది. తెలుగు లిపి ఎవరును నేర్పలేదు. కోలారు, బెంగుళూరు, బళ్లారి ప్రాంతములలో ఇది వేలకొలది ఇండ్ల కథ. అయినను తాను వెనుదీయలేదు. కన్నడ తెలుగు లిపులు ఒకే తల్లి బిడ్డలు, క్రీ.శ. 13వ శతాబ్ది తరువాత క్రమముగా విడివడి, అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట వేరు రూపములు స్థిరపడినవి. గ, డ, న, మ, య, ర, ల మొదలగు అక్షరములు కన్నడము వచ్చిన కంటికి పరిచితములే. క, త, శ వంటివి కొన్ని మాత్రము కొత్త. తలకట్టు ఆకారము వేరు. వ్రేలితో ఒక్కొక్క అక్షరమును వెంబడించుచు, అరగంటలో తాను ఒక పంక్తిని పూర్తిగా చదివెను. ఆ పంక్తిలో గొప్ప విషయ మేమియు లేదు. మరునాటి తరగతికి తేవలసిన పుస్తకమును గూర్చిన జ్ఞాపిక మాత్రమే. అయినను ముత్తాత తనకు వ్రాసికొన్న మాట మునిమనుమరాలి నోట ధ్వనించినది.

మానసగంగోత్రి

రెండవ దినమున కుక్కరహళ్లి చెరువు గట్టు మీదుగా మానసగంగోత్రికి నడచితిమి. 1956 మొదలు 1960 వరకు వైస్‌ఛాన్సలరుగా ఉండిన కువెంపుగారు ఈ ఉన్నతవిద్యా ప్రాంగణమునకు పేరు పెట్టిరి. తాను విద్యార్థిగా చదివిన కళాశాల గల విశ్వవిద్యాలయమునకే ఆయన అధిపతి అయ్యెను. గంగోత్రి ఒక నది పుట్టుచోటు. అచ్చట పుట్టిన నీరు అచ్చటనే నిలువదు. విద్యాపీఠమునకు ఇంతకంటె తగిన పేరు లేదు.

ఈ ప్రాంగణమున 1969లో స్థాపితమైన భారతీయ భాషా సంస్థానము ఉన్నది. దక్షిణాది భాషలను ఇతర ప్రాంతముల ఉపాధ్యాయులకు నేర్పు ప్రాంతీయ కేంద్రమును మైసూరుననే ఉన్నది. అచ్చట తెలుగును నేర్పబడుచున్నది. 2008లో తెలుగునకు ప్రాచీన భాషగా గుర్తింపు లభించిన పిమ్మట, ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రము మొదట ఈ సంస్థాననీడలో మైసూరునందే నడచి, తరువాత నెల్లూరునకు తరలినది. శర్మగారు తరగతి విడిచిన అరువది సంవత్సరముల పిమ్మట, తెలుగు మరల మైసూరున కొంతకాలము బస చేసి తన ఊరికి పోయినదన్నమాట. ఇందు విచారింపవలసిన దేమియు లేదు. ఈ నగరమున తెలుగుకథ ఎన్నడును అట్లే నడచినది. 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్టణము గొనువరకు అచ్చట విజయనగర ప్రభువుల ప్రతినిధి ఉండెను. పదునెనిమిదవ శతాబ్దిలో మైసూరు సర్వాధికారి కళలె నంజరాజు తెలుగున గ్రంథరచన చేసెను. ఇరువదవ శతాబ్దిలో మైసూరు వాసుదేవాచార్యులు ఒడెయరుల ఆస్థానమున కూర్చుండి తెలుగు కృతులు రచించెను. వచ్చినవారు వచ్చిరి, పోయినవారు పోయిరి. చేసిన పని నిలిచినది.

అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇదియే మా సమాధానము. నలుగురిలో మైసూరున కడవరకు నిలిచినవారు ఒక్కరును లేరు. విశ్వేశ్వరయ్యగారు పదవి విడిచిరి. రెడ్డిగారు మద్రాసునకు, రాధాకృష్ణగారు కలకత్తాకు పోయిరి. శర్మగారు సహితము తుదకు తిరుపతికి పోయిరి. కాని పోవునపుడు ఎవరును వట్టిచేతులతో పోలేదు, వట్టిచేతులతో విడిచియు పోలేదు. ఒకరు విశ్వవిద్యాలయమును, ఒకరు దాని ఆశయములను, ఒకరు దాని కీర్తిని, ఒకరు ఒక చిన్న తరగతిని ఇచ్చటివారికి ఇచ్చిరి. ఇక్కడినుండి తీసికొనిపోయిన దానితో తెలుగువారికి ఒక విశ్వకళాపరిషత్తును, ఒక విమర్శ మార్గమును, ఒక వాగ్గేయకారుని పాటలను సమకూర్చిరి.

మన కర్తవ్యము

పరప్రాంతమున స్థిరపడిన తెలుగువారు రెండు భయములతో జీవింతురు. బిడ్డలు ఇచ్చటి భాషలో కలిసిపోవుదురేమో అనునది ఒకటి. ఇచ్చటివారు మనలను పరాయివారుగా చూతురేమో అనునది రెండవది. మొదటి భయముచే కొందరు పిల్లలను స్థానిక భాషనుండి దూరముంతురు. రెండవ భయముచే మరికొందరు ఇంట తెలుగు మాటలాడుట మానుకొందురు. ఈ నాలుగు జీవితములు ఆ రెండు భయములకును సమాధానములు. కన్నడ పరిషత్తునకు తోడ్పడిన దివానును కన్నడిగులు తమవానిగా నెత్తిన పెట్టుకొనిరి. తెలుగు పండితుని ముప్పది ఏడేండ్లు పోషించినది కన్నడ సంస్థానమే.

మా అమ్మాయి మహారాజా కళాశాలలో చరిత్ర శాఖయందు చేరుటకు నిశ్చయించుకొన్నది. భాషగా కన్నడమునే ఎన్నుకొనెను; అది సబబు. చరిత్ర చదువువారికి దొరకు ఉద్యోగములు తక్కువ అను శంక మా ఇంట ఇంకను పూర్తిగా తీరలేదు. దానిని దాచుట సత్యము కాదు. కాని తెలుగు లిపి పూర్తిగా పట్టుబడుటకు తనకు రెండు వారములు పట్టినవి. కన్నడము చదువగలిగిన ఏ బిడ్డకైనను అంతకంటె ఎక్కువ పట్టదని మా అనుభవము. మన సంఘములు సంవత్సరమునకు ఒకసారి ఉగాది సభ జరిపి సంతృప్తి పడుటకు మారుగా, వేసవి సెలవులలో రెండు వారములు ఈ లిపి పాఠము పెట్టిన ఎంత మేలు! అట్లే ప్రతి కుటుంబమును తమ పెద్దలు ఏ కళాశాలలో చదివిరో, ఎవరియొద్ద చదివిరో వ్రాసి ఉంచవలెను. పాత నోటుపుస్తకములు చిత్తుకాగితములవానికి తూచి ఇచ్చుటకు ముందు ఒకసారి తెరచి చూడవలెను.

పిల్లలను తల్లిదండ్రులు చదివిన విద్యాలయములకు కొనిపోయి చూపుట నేడు వాడుకయైనది. అది తమ యౌవనమును తలచుకొను వినోదయాత్రగా ముగియరాదు. ఆ గోడలను ఎవరు కట్టిరి, ఎందుకు కట్టిరి, ఏ ఊళ్లనుండి వచ్చి కట్టిరి అని బిడ్డ అడుగవలెను. చెప్పుటకు మనకు తెలిసి యుండవలెను. తెలియనిచో తెలిసికొనవలెను. ఊరు విడిచినను పేరు విడువని వారము మనము. ఆ పేరును తెలుగున వ్రాయగల చేయి, మరొక భాషలో మంచిపని చేయగల చేయి, రెండును ఒకే బిడ్డకు ఉండవచ్చునని ఈ నలుగురు నిరూపించిరి.